గ్రీన్ టీ సారం: చర్మానికీ, తిండికీ, ప్యాకింగ్‌కీ

తేయాకు మొక్క (కామెలియా సైనెన్సిస్) లేత చిగుళ్లను కోసిన వెంటనే ఆవిరి పట్టి గానీ, వేడి మూకుట్లో వేయించి గానీ, రంగు మారకముందే ఎండబెడితే గ్రీన్ టీ అవుతుంది. ఆ ఆకులోని వగరు పదార్థాలను వేడినీళ్లలోకో, నీళ్లు కలిపిన ఆల్కహాల్‌లోకో దింపి, వడకట్టి, పొడి చేస్తే అది గ్రీన్ టీ సారం. లేత పసుపు నుంచి ఇటుక రంగు దాకా ఉండే ఈ పొడి ఇవాళ ముఖానికి రాసుకునే క్రీముల్లో, మాంసం, చేపల నిల్వలో, బరువు తగ్గిస్తామనే మాత్రల్లో, ఆహారాన్ని చుట్టే పొరల్లో కనిపిస్తోంది. అన్నిచోట్లా పనిచేసేది ఒకే పదార్థమైనా, అన్నిచోట్లా అది చేసే మేలు ఒకటే కాదు.

విజయనగరం జిల్లా కొత్తవలస చుట్టుపక్కల తేయాకు తోటలు లేవు. అయినా ఈ విషయాన్ని పరిశీలించడానికి కొత్తవలస మంచి మజిలీ. హౌరా-చెన్నై ప్రధాన మార్గం నుంచి కిరండూల్ లైను చీలేది ఇక్కడే. ఒక దారి తూర్పు కనుమలెక్కి అరకు కాఫీ తోటల మీదుగా పోతుంది. ఇంకొకటి విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు దాటి పలాస జీడిపప్పు కార్ఖానాల దగ్గరికి చేరుతుంది. మూడోది రొయ్యలు ఓడలెక్కే విశాఖ రేవు వైపు. తేయాకు సారం గురించి ప్రపంచంలో జరిగిన పరిశోధనలో మనకు పనికొచ్చే భాగమంతా ఈ మూడు దారుల్లో దొరికే సరుకుల చుట్టూనే ఉంది.

తేయాకుతో ఈ ప్రాంతానికి ఒక పాత బంధం కూడా ఉంది. 19వ శతాబ్దం రెండో సగంలో అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలీలను అస్సాం తేయాకు తోటలకు తరలించారు. వారి సంతతిని అక్కడ ‘తెలంగా’ అని పిలుస్తారు. తోట కార్మిక సముదాయాల్లో వాళ్లూ ఒకరు. మన దేశపు తేయాకు పరిశ్రమ చరిత్ర రాసేటప్పుడు కంపెనీల పేర్లు ముందుకొచ్చి, ఆకు కోసిన ఈ చేతులు వెనక్కి పోవడం అన్యాయం.

వగరు ఎక్కడిది

తేయాకు వగరుకు ముఖ్య కారణం కాటెకిన్లు. ఇవి పాలీఫినాల్ జాతి పదార్థాలు. తాంబూలంలో వేసుకునే కాచు చండ్ర చెట్టు చేవ నుంచి వస్తుందని తెలిసిందే. ఆ కాచు నుంచే 1821లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రుంగే మొదటిసారి కాటెకిన్‌ను వేరు చేశాడు. తేయాకులోనూ ఇవి ఉన్నాయని తేల్చింది జపాన్ శాస్త్రవేత్త మిచియో సుజిమురా. ఆమె 1924లో సహచరుడితో కలిసి గ్రీన్ టీలో విటమిన్ సి ఉందని చూపారు, 1929లో కాటెకిన్‌ను వేరు చేశారు, 1932లో జపాన్‌లో వ్యవసాయ శాస్త్రంలో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ అయ్యారు.  

తేయాకులో ముఖ్యమైన కాటెకిన్లు నాలుగు. వాటిలో ఎక్కువ పాళ్లలో ఉండేది, ఎక్కువ చురుకైనది ఎపిగాలోకాటెకిన్ గాలేట్. పేరు పొడుగు కాబట్టి అందరూ ఈజీసీజీ అంటారు. ఎండు గ్రీన్ టీ ఆకు బరువులో కాటెకిన్లన్నీ కలిపి సుమారు పది నుంచి ఇరవై శాతం దాకా ఉంటాయి, అందులో సగం పైచిలుకు ఈజీసీజీదే. కెఫీన్ 2 నుంచి 4 శాతం.

కోసిన ఆకును నలిపి వదిలేస్తే, ఆకులోనే ఉండే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గాలితో కలిసి ఈ కాటెకిన్లను ఎర్రటి, గోధుమరంగు పదార్థాలుగా మారుస్తుంది. అదే మనం రోజూ తాగే టీపొడి. కోసి పెట్టిన వంకాయ ముక్క నల్లబడేదీ ఈ జాతి ఎంజైమ్ వల్లే. గ్రీన్ టీ తయారీలో ఆవిరి పట్టడం ఈ ఎంజైమ్‌ను చంపడానికి. కాబట్టి గ్రీన్ టీ గొప్పదనం కొత్తగా ఏదో చేర్చడంలో లేదు, ఉన్నదాన్ని పోనివ్వకపోవడంలో ఉంది.

నోట్లో వగరు తగిలేది కాటెకిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్ద కట్టించడం వల్ల. ప్రొటీన్‌ను పట్టుకునే ఈ గుణం, లోహాలను పట్టుకునే గుణం, తాను ఆక్సీకరణ చెంది పక్కనున్నదాన్ని కాపాడే గుణం, ఈ మూడూ గుర్తుంటే మిగతా ఉపయోగాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. వాటి వల్ల వచ్చే నష్టాలు కూడా.

సారం తీసే పద్ధతి

ఆకును 70-80 డిగ్రీల నీళ్లలో నానబెట్టి సారం దింపుతారు. మరీ మరిగిస్తే కాటెకిన్లు రూపం మారతాయి. తర్వాత కెఫీన్‌ను తీసేసి, అవసరమైతే ఇథైల్ అసిటేట్ అనే ద్రావణిలోకి కాటెకిన్లను మార్చి చిక్కబరిచి, వేడిగాలిలోకి తుంపరగా చిమ్మి పొడి చేస్తారు. బజారులో ఈ పొడిని పాలీఫినాల్స్ శాతాన్ని బట్టి అమ్ముతారు. 40 శాతం సరుకూ గ్రీన్ టీ సారమే, 95 శాతం సరుకూ గ్రీన్ టీ సారమే. సీసా మీద మొత్తం పొడి ఎంతో ఒక్కటే రాసి, ఈజీసీజీ ఎంతో రాయకపోతే ఆ అంకె వల్ల కొనేవాడికి ఉపయోగం లేదు. మన దేశంలో హిమాచల్‌ప్రదేశ్ పాలంపూర్‌లోని సీఎస్ఐఆర్ హిమాలయ జీవవనరుల సాంకేతిక సంస్థ తేయాకు నుంచి కాటెకిన్లు తీసే పద్ధతిని రూపొందించింది. కప్పులోకి పనికిరాని ముదురాకు, కొమ్మలు కత్తిరించినప్పుడు రాలే ఆకు ఇలాంటి పనికి చక్కగా సరిపోతాయి.

చర్మం మీద

చర్మానికి సంబంధించి గట్టి ఆధారం ఉన్న ఉపయోగం ఒకటుంది. అది అందానిది కాదు, వైద్యానిది. జననాంగాల వెలుపల వచ్చే వైరస్ పులిపిర్లకు 15 శాతం గ్రీన్ టీ కాటెకిన్లున్న లేపనాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో ఆమోదించింది. మొక్క సారాన్ని మొక్క సారంగానే, అంటే ఒక్క అణువుగా శుద్ధి చేయకుండానే, ఆ సంస్థ మందుగా ఒప్పుకోవడం అదే మొదలు. చీటీ మీద రాసిచ్చే మందు అది, సొంత వైద్యానికి కాదు.

ఎండ విషయంలో 2001లో అమెరికాలో ఎల్మెట్స్ బృందం మనుషుల మీద చేసిన పరీక్ష పేరుపొందింది. గ్రీన్ టీ పాలీఫినాల్స్ ముందుగా రాసిన చోట అతినీలలోహిత కిరణాల వల్ల చర్మం కందడం తగ్గింది. నాలుగు కాటెకిన్లలో గాలేట్ ఉన్న రెండే బాగా పనిచేశాయి. అలాగని ఇది సన్‌స్క్రీన్ కాదు. కాటెకిన్లు ఎక్కువగా పీల్చుకునేది 275 నానోమీటర్ల దగ్గరి కిరణాలను, మన చర్మాన్ని కమిలించే కిరణాలు దానికి ఎగువన ఉంటాయి. అంటే ఇది ఎండను ఆపదు, ఎండ తగిలాక చర్మంలో మొదలయ్యే మంటను కొంత అదుపు చేస్తుంది. రొయ్యల చెరువు గట్టు మీద, జీడితోటలో రోజంతా ఎండలో ఉండేవాళ్లకు గ్రీన్ టీ క్రీము రాసుకుంటే చాలని చెప్పడం తప్పు. నిండు చేతుల చొక్కా, తలపాగా, సన్‌స్క్రీన్ తర్వాతే దీని మాట.

మొటిమలకు, జిడ్డు చర్మానికి కొంత మేలు చేస్తుందని చిన్న పరీక్షల్లో తేలింది. వాటిలో కొరియాలో 2013లో వెలువడిన పరీక్ష ఒకటి, 8 వారాలు సాగింది. ఫలితాలు ఆశాజనకమే. కానీ పాల్గొన్నవాళ్లు కొద్దిమంది.

క్రీము తయారుచేసేవాళ్లకు రెండు చిక్కులున్నాయి. ఈజీసీజీ నీటిని ఇష్టపడే పెద్ద అణువు కాబట్టి చర్మం పైపొరను దాటి లోపలికి పోవడం కష్టం. పైగా పుల్లటి ద్రవంలోనే నిలకడగా ఉంటుంది. క్షారగుణం పెరిగేకొద్దీ గంటల్లోనే గోధుమరంగుకు తిరిగి విరిగిపోతుంది. అందుకే మంచి తయారీల్లో విటమిన్ సి తోడు ఉంటుంది, సీసా గాలి చొరనిదిగా ఉంటుంది. కొన్నప్పుడు తెల్లగా ఉన్న గ్రీన్ టీ క్రీము నెల తిరిగేసరికి మట్టిరంగుకు తిరిగితే అందులో కాటెకిన్లు పోయినట్టే అనుకోవాలి. ఇక సీసా వెనక ‘కామెలియా సైనెన్సిస్ లీఫ్ ఎక్స్‌ట్రాక్ట్’ అన్న పేరు ఎక్కడుందో చూడాలి. మన దేశపు సౌందర్య సాధనాల నియమాలు, 2020 ప్రకారం ఒక శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఆ తర్వాతవి ఏ వరుసలోనైనా రాయొచ్చు. పరిమళాల పక్కన జాబితా చివర ఉంటే, ఆ గ్రీన్ టీ బొమ్మ కోసం వేసిందే తప్ప పని కోసం కాదు.

తిండిలో: రొయ్య తల నలుపు

ఉత్తరాంధ్ర తీరానికి గ్రీన్ టీ సారంతో నేరుగా పని పడేది ఇక్కడే. 2009లో వనామీ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక ఆంధ్రప్రదేశ్ దేశంలోనే రొయ్యల ఉత్పత్తిలో ముందు నిలిచింది. చెరువులోంచి తీసిన రొయ్యను మంచులో పెట్టినా, కొన్నాళ్లకు తల దగ్గర, కాళ్ల మొదట్లో, పెంకు కీళ్ల వెంట నల్లటి మచ్చలు మొదలవుతాయి. కుళ్లు కాదది, తింటే హాని లేదు. కానీ కొనేవాడు చూడగానే ధర తగ్గిస్తాడు. దాన్ని తెచ్చేది, తేయాకును నల్లబరిచే ఎంజైమ్‌కు దగ్గరి చుట్టమైన ఫినాల్ ఆక్సిడేజ్. తేయాకు కార్ఖానాలో దాన్ని ఆవిరితో చంపొచ్చు. పచ్చి రొయ్యను ఉడకబెట్టలేం కదా.

దీనికి పరిశ్రమ వాడేది సోడియం మెటాబైసల్ఫైట్. చవక, నమ్మకమైనది. అయితే సల్ఫైట్లు కొందరు ఉబ్బస రోగులకు ప్రమాదం. అమెరికాలో సరుకులో పది లక్షల భాగాలకు 10 భాగాల సల్ఫైట్ ఉన్నా లేబుల్ మీద చెప్పి తీరాలి. థాయ్‌లాండ్‌లోని ప్రిన్స్ ఆఫ్ సోంగ్‌క్లా విశ్వవిద్యాలయంలో నీలేశ్ నిర్మల్, సూటావట్ బెంజాకుల్ దీనికి బదులు గ్రీన్ టీ సారాన్ని పరీక్షించారు. లీటరు నీటికి 1 గ్రాము సారం, చిటికెడుకన్నా తక్కువ విటమిన్ సి కలిపి, అందులో వనామీ రొయ్యలను ముంచి, లోపలి గాలి పాళ్లు మార్చిన ప్యాకెట్లలో 4 డిగ్రీల దగ్గర 10 రోజులు ఉంచారు. నల్లమచ్చలూ తగ్గాయి, సూక్ష్మజీవుల పెరుగుదలా తగ్గింది. ఈ ఎంజైమ్ నడవడానికి రాగి కావాలి. కాటెకిన్ లోహాన్ని పట్టుకుంటుంది కాబట్టి ఎంజైమ్ చేయి కట్టేసినట్టవుతుంది. ఇది మన తీరంలో పెద్ద ఎత్తున చేసి చూడాల్సిన పని. మత్స్య సాంకేతిక పరిశోధనకు కేంద్ర సంస్థ అయిన సీఐఎఫ్‌టీకి విశాఖపట్నంలోనే పరిశోధన కేంద్రం ఉంది, ప్రాసెసింగ్ ప్లాంట్లూ దగ్గర్లోనే ఉన్నాయి.

మిగతా ఆహారాల మాట క్లుప్తంగా. చైనాలో టీ పాలీఫినాల్స్‌ను నూనెలు, మాంసం వంటివాటిలో నిల్వకు వాడటానికి అనుమతి ఉంది. నూనెలో ఇవి సరిగా కరగవు, అందుకని కొవ్వు ఆమ్లం తోక తగిలించిన రూపాలు తయారుచేస్తున్నారు. సింగపూర్‌లో రొట్టె పిండిలో కలిపి కాల్చి చూస్తే ఈజీసీజీలో 80 శాతానికి పైగా నిలిచింది. మాంసపు సాసేజీల్లో కొద్దిగా వేస్తే కొవ్వు చెడకుండా కాపాడుతుంది. మోతాదు పెరిగితే ప్రొటీన్‌ను పట్టుకునే గుణం బయటపడి ముద్ద బిగువు చెడుతుంది. జపాన్‌లో కావో సంస్థ 2003లో 350 మిల్లీలీటర్ల సీసాకు 540 మిల్లీగ్రాముల కాటెకిన్లున్న పానీయాన్ని విడుదల చేసింది. చిక్కదనం ఎంత పెంచినా వగరును జనం తట్టుకోగలిగిన మేరకే అమ్మకం.

మాత్రగా మింగితే

గ్రీన్ టీ తాగడం వేరు, సారాన్ని మాత్రగా మింగడం వేరు. ఈ తేడా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మందుల షాపులోనూ ఫోన్‌లోనూ ఈ మాత్రలు అమ్మేవాళ్లు చెప్పరు. ఆల్కహాల్‌తో తీసిన గ్రీన్ టీ సారమున్న బరువు తగ్గించే మందు ఒకదాన్ని కాలేయం దెబ్బతిన్న కేసుల వల్ల 2003లో ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల్లో ఉపసంహరించారు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో లెక్కలు చూసి, కప్పులో కాచుకునే టీ ద్వారా ఐరోపాలో సగటు మనిషికి రోజుకు 90 నుంచి 300 మిల్లీగ్రాముల ఈజీసీజీ అందుతోందని, అది సాధారణంగా క్షేమమేనని చెప్పింది. మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవాళ్లలో కాలేయ ఎంజైములు పెరిగాయని కూడా చెప్పింది. దాంతో 2022లో ఐరోపా సమాఖ్య రోజువారీ మోతాదు 800 మిల్లీగ్రాముల లోపే ఉండాలని, ఖాళీ కడుపున తీసుకోవద్దన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాలని నిబంధన పెట్టింది. కొందరికి ఈ హాని జన్యువుల వల్ల ఎక్కువగా వస్తుందని కూడా తేలింది. ఎవరికి వస్తుందో బయటికి తెలియదు.

ఇక ఇనుము సంగతి. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లతో టీ కాస్తే అది సిరాలా నల్లబడుతుంది. కప్పు గ్రీన్ టీలో తుప్పు పట్టిన మేకు వేసి ఒక పూట ఉంచితే చాలు, అదే నలుపు కళ్లారా చూడొచ్చు. ఆకుకూరలోంచి, చోళ్లలోంచి వచ్చే ఇనుమును కూడా కాటెకిన్లు పేగులో ఇలాగే పట్టి ఉంచుతాయి. మన పల్లెల్లో రక్తహీనత ఉన్న ఆడవాళ్లు ఎంతోమంది. వాళ్లు భోజనంతో పాటు టీ తాగకూడదు. భోజనానికీ టీకీ మధ్య గంటైనా ఎడం ఉండాలి, ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లకూ అంతే. నాడొలాల్ అనే రక్తపోటు మందు ఒంటికి పట్టకుండా గ్రీన్ టీ అడ్డుపడుతుందని 2014లో జపాన్ పరిశోధకులు చూపారు. బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందును ఈజీసీజీ నిర్వీర్యం చేయగలదని 2009లో ప్రయోగశాలలో తేలింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో రోజూ గుప్పెడు మందులు వాడుతున్న కుటుంబాలు ఈ సారాన్ని ‘ఆకు మందేగా’ అని డాక్టరుతో చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

చుట్టే పొరలో

ప్యాకింగ్‌లో గ్రీన్ టీ సారాన్ని ఆహారంలో నేరుగా కలపరు, ఆహారాన్ని చుట్టిన పొరలో పెడతారు. పొరలోంచి కొద్దికొద్దిగా పైకి వచ్చి, కొవ్వు ఎక్కడ గాలికి తగులుతుందో అక్కడే పనిచేస్తుంది. కొవ్వు చెడటం మొదలయ్యేది పైతలం మీదే కాబట్టి, ముద్దంతటా కలపడం కన్నా ఇదే తెలివైన పద్ధతి. స్పెయిన్‌లో వాలెన్సియా పరిశోధకులు ఈవీఓహెచ్ అనే ప్లాస్టిక్ పొరలో కలిపి చూశారు. థాయ్ పరిశోధకురాలు ఉబోన్‌రత్ సిరిపట్రావన్ 2010లో కైటోసాన్ పొరలో కలిపారు, ఆ పొరను తర్వాత పంది మాంసం సాసేజీలకు చుట్టి, అవి ఎక్కువ కాలం నిలుస్తాయని చూపారు.

కైటోసాన్ వచ్చేది రొయ్య పెంకు నుంచి. ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్యకు తల తీసి, పెంకు ఒలిచాక మిగిలేది సరుకు బరువులో తక్కువేమీ కాదు. ఎండబెట్టకపోతే ఊరంతా కంపు. ఆ పెంకును ఆమ్లంతో కడిగి సున్నం తీసి, క్షారంతో కడిగి ప్రొటీన్ తీసి, మిగిలిన కైటిన్‌ను గాఢమైన క్షారంలో ఉడికిస్తే కైటోసాన్ అవుతుంది. కైటోసాన్ పొర సొంతంగానే కొన్ని సూక్ష్మజీవులను అదుపు చేస్తుంది. కాటెకిన్ చేరితే ఆక్సీకరణను ఆపడం, అతినీలలోహిత కాంతిని అడ్డుకోవడం దానికి తోడవుతాయి. లోపాలూ ఉన్నాయి. పొర పసుపుపచ్చగా మారుతుంది, తేమకు ఉబ్బుతుంది, ప్లాస్టిక్ కన్నా ఖరీదు ఎక్కువ. ప్లాస్టిక్‌లో కలపాలంటే పొర పోసేటప్పటి వేడికి సారంలో కొంత కాలిపోతుంది.

ఈ ప్రాంతానికి ప్యాకింగ్ సరుకు కొత్త కాదు. భీమిలి పేరు మీద ప్రపంచ విపణికి వెళ్లిన గోగునార, నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల్లో నేసిన గోనెసంచులు ఒకప్పుడు ఇక్కడి బతుకుతెరువు. తీరంలో నూలు వలలు వాడిన రోజుల్లో వాటిని వగరు బెరడు కషాయంలో ముంచి ఆరబెట్టేవారు, వల కుళ్లకుండా. పాలీఫినాల్‌తో నారను కాపాడటమంటే అదే.

తేయాకు లేని చోట

95 శాతం సారాన్ని బయటి నుంచి కొని ఇక్కడి రొయ్యకు వాడటం ఒక దారి. దగ్గర్లో ఉన్న కాటెకిన్లను వెతకడం ఇంకో దారి, నా మొగ్గు దీనివైపే.

పలాస, కాశీబుగ్గ కార్ఖానాల్లో జీడిపిక్కను ఉడికించి, పగలగొట్టి, పప్పును వేడిలో ఆరబెట్టాక ఆడవాళ్లు కూర్చుని పొట్టు తీస్తారు. ఎర్రటి గోధుమరంగులో, వేలికి అంటుకునేంత పలచగా ఉండే ఆ పొట్టు నాలుక మీద పెడితే ముదురు టీ కన్నా వగరు. దాని బరువులో దాదాపు నాలుగో వంతు టానిన్లని (ఇవీ వగరు పాలీఫినాల్సే) తోళ్ల శుద్ధి పరిశ్రమ చాలాకాలంగా గుర్తించింది. 2011లో వెలువడిన పరిశోధనలో ఆ పొట్టులోని ముఖ్య పాలీఫినాల్స్ కాటెకిన్, ఎపికాటెకిన్ అని తేలింది. ఎపికాటెకిన్ తేయాకులోని నాలుగు కాటెకిన్లలో ఒకటి. ఈజీసీజీ మాత్రం ఇందులో ముఖ్యమైనది కాదు, కాబట్టి గ్రీన్ టీ మీద జరిగిన చర్మ పరీక్షల ఫలితాలను జీడిపొట్టుకు అంటగట్టడం నిజాయితీ కాదు. ఎల్మెట్స్ పరీక్షలో ఎపికాటెకిన్‌కు పెద్దగా ఫలితం రాలేదు కూడా. ఆక్సీకరణను ఆపే పొరగా, రొయ్య మీద వాడే ద్రావణంగా పరీక్షించడానికి మాత్రం అడ్డేమీ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం జీడితోటలను నేలమట్టం చేశాక, పిక్క మీద వచ్చే ప్రతి రూపాయీ అక్కడి రైతుకు ముఖ్యమే.

అరకు దారిలో ఇలాంటి పాలీఫినాల్ వనరులు ఇంకో రెండున్నాయి. కాఫీ పండు తొక్కలో క్లోరోజెనిక్ ఆమ్లం ఉంటుంది, ఇదీ పాలీఫినాలే. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కొనే కరక్కాయ టానిన్లకు పెట్టింది పేరు. కలంకారీ బట్టకు రంగు పట్టేది దాని వల్లే.

మళ్లీ జీడిపొట్టు దగ్గరికొస్తే, దానికి ఒక ప్రమాదముంది. జీడిపిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, ఒలిచేవాళ్ల వేళ్లే అందుకు సాక్ష్యం. పగలగొట్టేటప్పుడు ఆ నూనె పొట్టుకు అంటుకుంటుంది. అందువల్ల సారం తీసేముందు కార్డాల్, కార్డనాల్, అనకార్డిక్ ఆమ్లం ఎంత ఉన్నాయో కొలవాలి, తడి తగిలి నిల్వ ఉన్న పొట్టులో బూజు విషాలను కూడా చూడాలి. పొర తయారయ్యాక ఇంకో గడప ఉంది. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్యాకేజింగ్ నిబంధనలు, 2018 ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగ్ నుంచి ఆహారంలోకి దిగే పదార్థం మొత్తం కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకూడదు. కాటెకిన్ పొర పనిచేసేదే దానిలోంచి పదార్థం ఆహారంలోకి దిగడం వల్ల. ఆ హద్దు లోపల ఉంటూనే రొయ్య తలను 10 రోజులు నల్లబడకుండా ఉంచగల మోతాదు ఎంతో ప్రయోగం చేసే తేల్చాలి.